ముఖం మీద గడ్డ, నొప్పి లేదు: ఎందుకు? ఎలా?

"గడ్డయితే ఉంది గానీ నొప్పేం లేదండీ."

విజయవాడ సూర్యారావుపేటలో, డోర్నకల్ రోడ్డు వెంట ఉన్న ఏ సర్జన్ గారి గదిలో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. చెప్పేవాళ్ల గొంతులో ఎంతో ధీమా ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి భయం లేదని వాళ్ల లెక్క. ఆ లెక్క మీదే ఉయ్యూరు నుంచో అవనిగడ్డ నుంచో బయల్దేరడానికి రెండేళ్లు పట్టి ఉంటుంది. అదే గడ్డ సలుపుతూ ఉంటే రెండో రోజే బస్సెక్కేవాళ్లు. దీనికి పూర్తిగా ఎదురు పోకడ వాళ్లూ ఉన్నారు. సెలూన్‌లో గడ్డం గీస్తున్నతను "ఇక్కడేదో తగులుతోంది సార్" అన్న రోజు నుంచీ వీళ్లకు కంటి మీద కునుకుండదు. కేన్సర్ గడ్డకు నొప్పి ఉండదట అని ఎవరో చెవిలో వేసి ఉంటారు. అందుకని నొప్పి లేకపోవడమే వీళ్ల భయం.

రెండు లెక్కలూ తప్పే. నొప్పి లేకపోవడం గడ్డ మంచిదన్న హామీ కాదు, చెడ్డదన్న గుర్తూ కాదు. మరి దేన్ని చూసి తెలుసుకోవాలి? ముందు నొప్పి సంగతి తేల్చుకుని అక్కడికి వెళదాం.

గడ్డకు నొప్పి ఎందుకు ఉండదు?

ముఖం మీద చర్మం కింద నొప్పిని పట్టే నరాల కొసలు దండిగా ఉంటాయి. అవి ముఖ్యంగా రెండు సందర్భాల్లో కేక వేస్తాయి. చుట్టూ ఉన్న కండ ఒక్కసారిగా సాగినప్పుడు ఒకటి. సూక్ష్మజీవులతో పోరాడుతూ ఒళ్లు విడుదల చేసే రసాయనాలు తగిలినప్పుడు మరొకటి. సెగ్గడ్డలో ఈ రెండూ కలుస్తాయి. రెండు మూడు రోజుల్లోనే చీము నిండుతుంది, చర్మం ఎర్రబడి బిగిసిపోతుంది, చెయ్యి వేయనివ్వదు.

నెలల తరబడి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరిగే గడ్డ దారి వేరు. అది పెరుగుతున్న కొద్దీ చుట్టూ ఉన్న కండ సర్దుకుంటుంది. ఒక్కసారిగా సాగేది లేదు, వేడి లేదు, అందుకే నరాలకు కబురు అందదు. కొవ్వుగడ్డ ఇలాగే పెరుగుతుంది. లాలాజల గ్రంథిలో వచ్చే మామూలు కణితి ఇలాగే పెరుగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, కొన్ని కేన్సర్ కణితులు కూడా నరాన్నో ఎముకనో తాకేదాకా ఇలాగే పెరుగుతాయి. అంటే నొప్పి లేకపోవడం మనకు చెప్పేది ఒక్కటే: ఇప్పటికి అక్కడ గబగబా వాపేమీ జరగడం లేదు. అంతకు మించి దాన్నుంచి ఏమీ రాబట్టలేం.

రాబట్టగలిగింది వేరే చోట ఉంది. గడ్డ ముఖంలో సరిగ్గా ఎక్కడుంది? ఎప్పటి నుంచి ఉంది? వేలితో కదిపితే ఏం చేస్తుంది? అనుభవమున్న డాక్టరు అడిగేవీ చూసేవీ ఇవే.

డాక్టరు చేతులు ఏం వెతుకుతాయి?

ఎదురుగా కూర్చోబెట్టి చూశాక డాక్టరు లేచి మీ కుర్చీ వెనక్కి వస్తారు. రెండు అరచేతులూ రెండు దవడల మీద వేసి, అటూ ఇటూ ఒకే రకంగా ఉందో లేదో చూస్తారు. గడ్డ మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపుతారు. చర్మం విడిగా లేచి గడ్డ కింద ఉండిపోతే అది చర్మానిది కాదు, లోపలిది. చర్మంతో పాటే గడ్డా కదిలితే అది చర్మంలోనే పుట్టిందన్నమాట. తర్వాత "పళ్లు గట్టిగా బిగించండి" అంటారు. దవడ కండ బిగుసుకున్నాక గడ్డ ఇంకా స్పష్టంగా తేలితే అది కండకు పైన ఉంది. కనబడకుండా పోతే కండ లోపలో కిందో ఉంది. కొందరికి బిగించిన కండే ఉండలా తగులుతుంది. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకీ, పొద్దస్తమానం ఏదో ఒకటి నమిలేవాళ్లకీ దవడ కండ రెండు వైపులా బలిసి గడ్డేమోనని భ్రమ పెడుతుంది.

ఆ తర్వాత తొడుగు వేసుకున్న వేలు నోట్లోకి వెళుతుంది. బయట నుంచి ఒక వేలు, బుగ్గ లోపలి నుంచి ఒక వేలు, రెండింటి మధ్యా గడ్డ. బుగ్గ మీది గడ్డకు నోరెందుకు తెరవాలని విసుక్కోవద్దు. అసలు సంగతి చాలాసార్లు నోట్లోనే ఉంటుంది. కళ్లు గట్టిగా మూయమంటారు, పళ్లు కనిపించేలా నవ్వమంటారు. ఇదంతా కలిపి ఐదు నిమిషాల పని. నన్నడిగితే, ఈ ఐదు నిమిషాలూ పెట్టకుండా నేరుగా స్కానింగ్ చీటీ రాసిచ్చే చోట కన్నా పెట్టిన చోట వైద్యం మెరుగ్గా జరుగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఏది?

చర్మంతో పాటు కదిలే, గుండ్రంగా, కాస్త గట్టిగా, శనగగింజంత నుంచి గోళీకాయంత దాకా ఉండే గడ్డ. దాని నడినెత్తిన సూదితో పొడిచినట్టు చిన్న నల్లచుక్క ఉంటే ఇక పెద్దగా సందేహం అక్కర్లేదు. దీన్ని ఆసుపత్రుల్లో ఇప్పటికీ సెబేషియస్ సిస్ట్ అనే అంటారు. నిజానికి సెబమ్‌తో, అంటే చర్మపు నూనెతో, దీనికి పని లేదు. సరైన పేరు ఎపిడెర్మాయిడ్ సిస్ట్. మన చర్మం పై పొర రోజూ పొట్టుగా రాలిపోతూ ఉంటుంది, స్నానంలో పోతుంది. మొటిమ మూసుకుపోయో, చిన్న దెబ్బ తగిలో ఆ పొర ముక్క ఒకటి లోపలికి మడత పడి చిక్కుకుందనుకోండి, దాని అలవాటు అది మానుకోదు. పొట్టు రాలుస్తూనే ఉంటుంది. కాకపోతే బయటకు దారి లేదు. అలా ఏళ్ల తరబడి పోగైన పొట్టు ఒక సంచిలో తెల్లటి ముద్దవుతుంది. నొక్కితే వచ్చే ఆ ముద్దకు ముక్కు మూసుకునేంత కంపు.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో గ్రంథులకూ అర్బుదాలకూ ఒక అధ్యాయమే ఉంది. అందులో మేదస్సు వల్ల పుట్టే గ్రంథిని వర్ణిస్తూ సుశ్రుతుడు, అది నునుపుగా ఉంటుందనీ, నొప్పి తక్కువనీ, పగిలితే తెలగపిండినీ నేతినీ పోలిన పదార్థం వస్తుందనీ చెబుతాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో కంటితో చూసి రాసిన మాట. తెలగపిండి పోలిక తెలిసిన వాళ్లు ఒక్కసారి సిస్టు కోసినప్పుడు చూస్తే ఆయన చూపు ఎంత నిక్కచ్చిదో తెలుస్తుంది.

ఈ సిస్టును నొక్కకూడదు. ఎందుకు? నొక్కినప్పుడు పైకి వచ్చేది కొంతే, సంచి లోలోపల చిట్లితే మిగతాది చర్మం లోతుల్లోకి పోతుంది. ఒళ్లు ఆ పొట్టును పరాయి వస్తువుగా చూసి దాని మీద పడుతుంది. అన్నాళ్లూ నొప్పి లేని గడ్డ ఎర్రగా వాచి సలపడం మొదలుపెడుతుంది. అది చల్లారాక సంచి చుట్టూ కండకు అతుక్కుపోతుంది, తర్వాత తీయడం కష్టమవుతుంది, మచ్చ పెద్దదవుతుంది. పైగా రెండు కనుబొమల మధ్య నుంచి నోటి రెండు మూలల దాకా ఉన్న మూడు మూలల మేరలో చీము పట్టిన దాన్ని పిసికితే, అరుదుగానైనా, ఆ సూక్ష్మజీవులు రక్తనాళాల వెంట మెదడు అడుగు దాకా పోయే దారి ఉంది.

జిల్లేడు పాలు, సున్నం-బెల్లం పట్టు సంగతీ చెప్పాలి. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే కంటి నల్లగుడ్డు దెబ్బతింటుంది. ముఖం మీద ఆ ప్రయోగం వద్దు. ఏ పైపూతా సంచిని కరిగించదు. సంచి లోపలే ఉన్నంత కాలం గడ్డ మళ్లీ నిండుతుంది. అందుకే మత్తు సూది ఇచ్చి, నల్లచుక్కతో సహా సన్నని ఆకు ఆకారంలో కోసి, సంచిని చిట్లకుండా మొత్తంగా ఊడదీస్తారు. చిన్నదైతే అరగంట పని, అదే రోజు ఇంటికి. ముఖం మీద కుట్లు సుమారు ఐదారు రోజులకే విప్పేస్తారు. ఇబ్బంది పెట్టని చిన్న సిస్టును తీయించుకోకుండా వదిలేసినా నష్టం లేదు.

కొవ్వుగడ్డ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. మెత్తగా, వేలి కింద జారిపోతూ ఉంటుంది. ముఖంలో దాని ఇష్టమైన చోటు నుదురు. అక్కడది నుదుటి కండకు కింద ఇరుక్కుని పుడుతుంది కాబట్టి గట్టిగా తగిలి ఎముకేమోనని కంగారు పెడుతుంది. నిజంగానే రాయిలా, కదలకుండా ఉంటే అది ఎముక మీద మొలిచిన ఆస్టియోమా కావచ్చు. రెండూ ప్రాణాపాయం లేనివే.

పసిపిల్లల్లో అయితే?

కనుబొమ బయటి కొసన, పుట్టినప్పటి నుంచీ ఉన్న మెత్తటి గుండ్రని గడ్డ దాదాపు ఎప్పుడూ డెర్మాయిడ్ సిస్టే. కడుపులో ముఖం తయారయ్యేటప్పుడు వేర్వేరు భాగాలు వచ్చి అతుక్కుంటాయి. ఆ అతుకుల్లో చర్మం తునక ఇరుక్కుపోతే ఇది పుడుతుంది. కనుబొమ కొసన ఉన్నదాన్ని వీలు చూసుకుని తీయించవచ్చు. ముక్కు మీద, నడి గీతలో ఉంటే మాత్రం స్కాన్ తీయకుండా ఎవరినీ కత్తి పెట్టనివ్వకండి. అక్కడి గడ్డకు ఒక్కోసారి పుర్రె లోపలి దాకా వేరు ఉంటుంది.

బడి వయసు పిల్లల బుగ్గ మీద రాయిలా గట్టిగా, చర్మానికి కాస్త నీలి రంగు తెచ్చే చిన్న గడ్డ ఇంకొకటి. ఒక అంచు నొక్కితే రెండో అంచు పైకి లేస్తుంది. వెంట్రుక కుదురు కణాల నుంచి పుట్టే ఈ పైలోమెట్రికోమా హానికరం కాదు. గట్టిగా ఉంది కాబట్టి కేన్సరేమోనని తల్లిదండ్రులు హడలిపోయేది దీని దగ్గరే.

చెవి ముందు, చెవి తమ్మె కింద గడ్డ ఉంటే ఎందుకంత జాగ్రత్త?

ముఖం మీది గడ్డల్లో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటు ఇదే. చెవి ముందు నుంచి దవడ మలుపు దాకా చర్మం కింద పరుచుకుని పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది ఇదే. ఆ వాపు రెండు మూడు రోజుల్లో వస్తుంది, నొప్పి పుడుతుంది, జ్వరం ఉంటుంది, వారం పది రోజుల్లో పోతుంది. ఇప్పుడు మనం చెప్పుకునేది అలా పోయేది కాదు. ఏళ్ల తరబడి నింపాదిగా పెరిగి, చెవి తమ్మెను మెల్లగా పైకి నెట్టే గట్టి గడ్డ.

పెరోటిడ్‌లో వచ్చే కణితుల్లో పదింట ఎనిమిది హానికరం కానివే. వాటిలో ఎక్కువ భాగం ప్లియోమార్ఫిక్ ఎడినోమా అనే రకం. నడివయసు వాళ్లలో తరచు కనిపిస్తుంది. పొగ తాగే పెద్దవయసు వాళ్లలో వార్థిన్స్ అనే ఇంకో మెత్తటి కణితి, కొన్నిసార్లు రెండు వైపులా, వస్తుంది. ఇంత నిమ్మళంగా ఉన్నదాన్ని తీయడం ఎందుకనిపిస్తుంది. రెండు కారణాలు. ప్లియోమార్ఫిక్ ఎడినోమా ఏళ్లు గడిచే కొద్దీ కేన్సర్‌గా మారే అవకాశం పెరుగుతూ పోతుంది. రెండోది, చిన్నగా ఉన్నప్పుడు తీయడం తేలిక.

తేలిక అన్నానే గానీ ఇది మూల మీద ఉన్న చిన్న క్లినిక్‌లో కూర్చోబెట్టి తీసే గడ్డ కాదు. ముఖాన్ని కదిపే నరం చెవి వెనక పుర్రె అడుగు నుంచి బయటపడి నేరుగా ఈ గ్రంథిలోకి దూరుతుంది. గ్రంథి లోపలే ఐదు ప్రధాన కొమ్మలుగా చీలుతుంది. నుదురు ముడి వేయడం, కన్ను మూయడం, బుగ్గ పూరించడం, పెదవి కదపడం, మెడ చర్మం బిగించడం, అన్నీ ఆ కొమ్మల పనే. పైగడ్డే కదా అని కోసి లాగితే ఒక కొమ్మ తెగి నోరు వంకర పోవచ్చు. ఇంకో ప్రమాదం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఈ కణితి పై తొడుగు చాలా పల్చన, అక్కడక్కడా మొటికల్లా బయటకు పొడుచుకుని ఉంటుంది. గడ్డను మాత్రం ఒలిచి తీస్తే ఆ మొటికలు మిగిలిపోయి, పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకటి పోయిన చోట నాలుగైదు పుడతాయి. అందుకే ముందు నరాన్ని వెతికి పట్టుకుని, దాని కొమ్మల వెంట నడుస్తూ, కణితితో పాటు చుట్టూ కొంత గ్రంథిని కలిపి తీస్తారు. మొత్తం మత్తు ఇచ్చి చేయాల్సిన పని. ఈఎన్‌టీ సర్జన్, దవడ-ముఖ సర్జన్, కేన్సర్ సర్జన్లలో దీన్ని తరచుగా చేసే వారి దగ్గరికే వెళ్లండి.

చెవి దగ్గర గడ్డ ఉండి, అదే వైపు కన్ను పూర్తిగా మూతపడకపోయినా, నవ్వితే నోరు ఒక పక్కకు పోయినా, ఏళ్లుగా ఊరుకున్న గడ్డ ఉన్నట్టుండి నెలల్లో పెరిగినా అది కేన్సర్ కాదని తేలేదాకా కేన్సరే అనుకుని పరుగెత్తాలి.

రెండు చెవుల ముందూ సమానంగా, మెత్తగా బుగ్గలు ఉబ్బినట్టుంటే అది గడ్డ కాదు, గ్రంథి మొత్తం పెరగడం. షుగరు అదుపులో లేనివాళ్లలో, మద్యం బాగా తాగేవాళ్లలో చూస్తాం.

దవడ కింద బిళ్ళ ఎందుకు కడుతుంది?

దవడ అంచు కింద, గడ్డం కింద, చెవి ముందు లింఫు బిళ్ళలు ఉంటాయి. పంటి నుంచో టాన్సిల్ నుంచో మాడు మీది కురుపు నుంచో సూక్ష్మజీవులు బయల్దేరితే దారిలో పట్టుకునేవి ఇవే. పట్టుకున్నప్పుడు వాస్తాయి. జలుబుతో, పుచ్చిన పంటితో వచ్చిన బిళ్ళ అది తగ్గాక రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గనిదాని మీదే కన్నేయాలి.

మన దేశంలో తగ్గని బిళ్ళలకు పెద్ద కారణం టీబీ. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో లింఫు బిళ్ళలదే పైచేయి. దగ్గు ఉండకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు. బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా తగులుతాయి. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం ఉంటే అనుమానం బలపడుతుంది. టీబీ బిళ్ళలో చీము పట్టినా వేడి ఉండదు, ఎరుపు ఉండదు, నొప్పి అంతంతమాత్రం. మామూలు చీముగడ్డ అనుకుని దాన్ని కోస్తే ఆ గాయం నెలల తరబడి మానకుండా కారుతూ ఉంటుంది.

మంగళగిరిలో ఇవాళ ఎయిమ్స్ ఉన్నది ఒకప్పటి టీబీ శానిటోరియం స్థలంలో. ఆ దారిని ఇప్పటికీ పాత టీబీ శానిటోరియం రోడ్డనే అంటారు. స్ట్రెప్టోమైసిన్ రాక ముందు టీబీకి దేశదేశాల్లో అలాంటి చోట్లే దిక్కు: కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి. ఇప్పుడు బిళ్ళల టీబీకి మామూలుగా ఆరు నెలల మాత్రలు చాలు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మందులు వాడుతున్నంత కాలం నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. మందు మొదలుపెట్టిన కొత్తలో బిళ్ళ ఒక్కోసారి ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. పనిచేయడం లేదని మానేయకండి, చూపించుకోండి.

పంటికి నొప్పి లేదు, గడ్డ మాత్రం గడ్డం మీద. ఎలా?

ఇది తరచుగా దారి తప్పించే జబ్బు. గడ్డం మీదో దవడ మీదో చిన్న బొడిపె. అప్పుడప్పుడూ చిట్లి కాస్త రసి కారుతుంది, ఎండుతుంది, మళ్లీ లేస్తుంది. చర్మం జబ్బనుకుని పూతలు, మాత్రలు నెలల తరబడి వాడతారు. వాడినన్నాళ్లూ తగ్గి, మానగానే వస్తుంది. అసలు కారణం లోపలి పన్ను. ఎప్పుడో దెబ్బ తగిలో పుచ్చిపోయో పంటి నరం చచ్చిపోయింది. నరం చచ్చాక పంటికి నొప్పి తెలియదు. వేరు కొసన చీము మాత్రం చేరుతూనే ఉంటుంది. అది ఎముకను తొలుచుకుని చర్మం దాకా దారి చేసుకుంటుంది. దారి దొరికిన చీముకు ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేకపోతే నొప్పి లేదు. ఒక పంటి ఎక్స్‌రే తీస్తే గుట్టు రట్టవుతుంది. ఆ పంటికి రూట్ కెనాల్ చేస్తేనో పీకేస్తేనో ముఖం మీది గడ్డ దానంతటదే మానిపోతుంది. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. చర్మం మందులతో నెలల తరబడి తిరుగుతున్నవాళ్లు ఒక్కసారి అక్కడ పన్ను చూపించుకోవడం మంచిది.

పురుగు వల్ల కూడా గడ్డ వస్తుందా?

వస్తుంది. రెండు పురుగుల సంగతి చెబుతాను.

ఒకటి పంది మాంసపు బద్దెపురుగు పిల్ల. బుగ్గ కండలోనో కనురెప్పలోనో పెదవిలోనో బఠాణీగింజంత గట్టి గడ్డ, నొప్పి లేనిది. "మేం శాకాహారులం, మాకెలా వస్తుంది?" అని అడుగుతారు. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్ల పేగులో పెరిగేది పెద్ద పురుగు. ఆ మనిషి మలంలో వెళ్లే గుడ్లు నీళ్లనో కూరగాయలనో చేతులనో అంటుకుని ఎవరి నోట్లోకి పోయినా, అవి పేగులో పొదిగి, రక్తంలో ప్రయాణించి, కండలో తిత్తి కట్టుకుంటాయి. మాంసం ముట్టని ఇంట్లో పచ్చి కొత్తిమీర, క్యారట్ ముక్కలతోనూ రావచ్చు. మురుగు కలిసిన కాలవ నీళ్లలో ఆకుకూరలు కడగడం మన డెల్టాలో చూడనిది కాదు. ఇంట్లో మంచి నీళ్లతో మళ్లీ కడగండి. అల్ట్రాసౌండ్‌లో తిత్తి లోపల పురుగు తల చుక్కలా కనిపిస్తుంది. ఇలాంటి తిత్తులే మెదడులో ఉంటే మూర్ఛ వస్తుంది. అందుకే పురుగుల మందు వాడే ముందు కంట్లో, మెదడులో తిత్తులున్నాయేమో చూస్తారు. అక్కడి పురుగు మందుకు చచ్చి వాస్తే ప్రమాదం.

రెండోది కుక్కలది. డైరోఫైలేరియా రిపెన్స్ అనే సన్నని దారం లాంటి పురుగు కుక్క చర్మం కింద బతుకుతుంది. దోమ దాన్ని మనిషికి ఎక్కిస్తుంది. మనిషిలో అది సంసారం చేయలేదు, ఒంటరిగా తిరిగి తిరిగి కనురెప్ప దగ్గరో బుగ్గలోనో గడ్డగా మిగులుతుంది. కేరళలో, శ్రీలంకలో ఇలాంటి కేసులు ఎక్కువగా చూశారు. కుక్కలకూ దోమలకూ బెజవాడలో లోటు లేదు కాబట్టి ఇక్కడి డాక్టర్లకూ ఈ ఎరుక ఉండాలి. నిన్న కంటి కింద ఉన్న గడ్డ ఇవాళ బుగ్గ మీద ఉందని ఎవరైనా అంటే నవ్వకండి. చిన్న గాటు పెట్టి పురుగును తీసేస్తే అంతటితో అయిపోతుంది. దీని దాయాది అయిన బోదకాలు పురుగుకు మందు, హెట్రజాన్, 1947లో లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో బయటికొచ్చిందని ఈ సందర్భంలో గుర్తు చేయకుండా ఉండలేకపోతున్నాను.

నోట్లోని కేన్సర్ బయటికి గడ్డలా ఎప్పుడు కనిపిస్తుంది?

గుట్కా, ఖైనీ బుగ్గలో పెట్టుకునేవాళ్లలో పుండు లోపల నొప్పి లేకుండా మొదలవుతుంది. బుగ్గ లోపలి నుంచి మందం పెరిగి బయటికి తగలొచ్చు. లేదా నోట్లో సంగతి తెలియకముందే దవడ కింద బిళ్ళ గట్టిగా, కదలకుండా రావచ్చు. మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి నోట్లోకి పడతాయో లేదో చూసుకోండి. పట్టకపోతే బుగ్గ లోపల చర్మం బిగుసుకుపోతోందన్నమాట. గుట్కా అలవాటున్న మనిషి దవడ కింద కొత్త బిళ్ళ కనబడితే రెండు వారాలకు మించి ఆగకూడదు.

ఇంకొక్కటి చెప్పి ఈ వరస ముగిస్తాను. చెవి తమ్మెలు మందంగా, ముఖం మీద ఒకటికి పది నొప్పి లేని బుడిపెలు, కనుబొమలు పల్చబడటం కలిసి కనిపిస్తే కుష్ఠు పరీక్ష చేయించాలి. దానికీ మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకున్నవాళ్లే నష్టపోతారు.

సూది పెడితే కేన్సర్ పాకుతుందా?

కోస్తా జిల్లాల్లో పరీక్షను వెనక్కి నెట్టే మాటల్లో ఇదే మొదటిది. గడ్డ లోపల ఏముందో తెలుసుకోవడానికి చేసే పరీక్ష ఎఫ్‌ఎన్‌ఏసీ. రక్తం తీసే సూది అంతదో అంతకన్నా సన్ననిదో తీసుకుని గడ్డలోకి గుచ్చి, అటూ ఇటూ నాలుగైదు సార్లు కదిపి, సూది బోలులోకి వచ్చిన తడిని గాజుపలక మీద ఒక చుక్కగా వదులుతారు. ఇంకో పలకతో దాన్ని పల్చగా పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. చాలామందికి మత్తు కూడా అవసరం పడదు. 1950ల్లో, 60ల్లో స్టాక్‌హోమ్ కరోలిన్స్కా ఆసుపత్రిలో సిక్స్‌టెన్ ఫ్రాంజెన్ బృందం దీన్ని రోజువారీ పరీక్షగా నిలబెట్టింది. అప్పటి నుంచీ ప్రపంచమంతటా చేస్తున్నారు. ఇంత సన్న సూదితో కేన్సర్ పాకడం లెక్కలోకి రానంత అరుదు.

మరి ఆ మాట ఎలా పుట్టింది? గడ్డ ముదిరి, ఆఖరు దశలో వచ్చి పరీక్ష చేయించుకున్న మనిషి కొద్ది నెలల్లో పోతాడు. ఇంట్లోవాళ్లకు గుర్తుండేది సూది. దానికి ముందు గడిచిపోయిన ఏడాది ఎవరికీ గుర్తుండదు. సూదికి దొరికింది నాలుగు కణాలే కాబట్టి ఒక్కోసారి జవాబు తేలదు, అప్పుడు మళ్లీ చేయాలి, లేదా ముక్క తీయాలి. అది పరీక్ష తప్పు కాదు, దాని హద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

చర్మంతో కదిలే చిన్న గడ్డకు చర్మవ్యాధుల డాక్టరో జనరల్ సర్జనో చాలు. చెవి చుట్టూ, దవడ కింద ఉన్నదానికి ఈఎన్‌టీ. నోట్లో తేడా ఉంటే దంతవైద్యుడు. పెద్ద ఆపరేషన్ అవసరమైతే విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర్లోనే ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి. వెళ్లేటప్పుడు పాత ఫోటో ఒకటి ఫోన్‌లో చూపించండి. గడ్డ మూడేళ్ల నాటి పెళ్లి ఫోటోలో కూడా అంతే ఉందా, లేదా అన్నది డాక్టరుకు చాలా పనికొచ్చే సాక్ష్యం.

చివరగా ఒక మనవి. గడ్డ తీసేశాక చాలామంది "పోయింది కదా" అని లేచి వచ్చేస్తారు. చూడటానికి మామూలు సిస్టులా ఉన్నవాటిలోనూ ఎప్పుడో ఒకటి వేరేది బయటపడుతుంది. తీసినదాన్ని ఫార్మలిన్ డబ్బాలో వేసి బయాప్సీకి పంపారా అని డాక్టరుగారిని అడగండి. ఆ రిపోర్టు చేతికి వచ్చాక మళ్లీ వెళ్లి చూపించండి, కాగితం దాచుకోండి. పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ గడ్డ లేస్తే, అప్పటి డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.